తూమమ్మ తల్లి నీలి వీపు

తూమలపాలెం వచ్చే భక్తులు మొదట అమ్మవారి వీపుకే దండం పెడతారు. ఇదెక్కడి చోద్యమని కొత్తవారు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. తూము మూతికి అడ్డంగా కూర్చున్న తూమమ్మ తల్లి ముఖం చేల వైపు ఉంటుంది. ఎగువకు తిరిగిన వీపుకు మాత్రం ఎన్ని అభిషేకాలు చేసినా వదలని నీలిరంగు ఉంది.

పూర్వం ఇక్కడ ఎగువ గట్టున ఒక అద్దకం కార్ఖానా ఉండేది. మైలుతుత్తం కలిసిన రంగునీళ్లను ఈ తూము గుండానే చేలలోకి వదిలేవారు. నేల బిగుసుకుపోయింది. విత్తనం మొలవడం మానింది. ఒక్కొక్కరే మూటాముల్లె సర్దుకుని పోతున్నా, దిగువ చేను గురవమ్మ కదల్లేదు. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ఆ చేనొక్కటే.

ఒకనాడు అమ్మవారు ఆమె కలలోకి వచ్చి, "నా ఒళ్లు మండుతోందే. ముందు తూము మూయి, తర్వాత ఆవాలు చల్లు" అని ఆనతిచ్చింది. తెల్లవారగానే గురవమ్మ తూము మూతికి వీపు ఆనించి కూర్చుంది. నీళ్లు వెనక్కి తన్నేసరికి కార్ఖానా దొర పరుగున వచ్చాడు.

"చచ్చిన చేను కోసం ఎందుకమ్మా ఈ మొండితనం?" అన్నాడు.

"చచ్చిందో బతికుందో నేను చెప్పాల. చంపినోడివి నువ్వు చెప్పమాక" అంటూ ఆమె ఆ రంగునీళ్లే చెంబుతో ముంచి అతని ముందు పెట్టింది. "మంచియ్యేగా, తాగు. లేచిపోతా."

దొర తాగలేదు. అది చూసిన ఊరంతా వచ్చి ఆమె పక్కన కూర్చుంది. కార్ఖానా మూతపడింది. గురవమ్మ లేచిన చోట నీలి వీపుతో అమ్మవారు వెలసి ఉంది.

ఆవాలు ఏపుగా పెరిగాయి. తొలిపంట దేవతకే కదా అని ఊరివారు ఆవ పెట్టిన పులిహోర నైవేద్యం తెచ్చారు. వారి తెలివి తెల్లారినట్టే ఉంది. అమ్మవారు గురవమ్మను పూని గంగాళం తన్నేసింది.

"ఈ ఆవమొక్కల చేత నేలలోంచి నేను లాగించిన విషం నాకే వడ్డిస్తారా? వేళ్లతో సహా పీకి రాతిగోతిలో పూడ్చండి" అంది.

ఏటేటా ఆవాలు చల్లారు, పీకారు, పూడ్చారు. పెంట ఎరువు తోలారు. గురవమ్మ జుట్టు నెరిసింది. చివరికొక తొలకరిలో ఆమె నాగటి చాలులో వానపాము కదిలింది. ఆ ముసలమ్మ అక్కడే కూలబడి ఆనందంతో ఏడ్చింది. ఆ ఏడు జొన్న వేసింది, తిన్నది.

నేటికీ ఈ సన్నిధికి ఆవ పెట్టిన పులిహోర తేరాదు. మొక్కుకున్నవారు తట్టెడు ఎరువు సమర్పిస్తారు. అలా సేవించినవారి నేల గొడ్డుపోదని నమ్మకం. ఎగువన కార్ఖానా పెట్టదలచినవారు, ఎంతటివారైనా, అందులోంచి వదిలే నీళ్లు గురవమ్మ చెంబుతో అమ్మ ఎదుట తాగాలి. మొన్నీమధ్య కార్లలో వచ్చిన పెద్దమనుషులు ఆ చెంబు చూసి, మళ్లీ వస్తామని చెప్పి వెళ్లారు. రావచ్చు. చెంబు తోమే ఉంది.