కొత్త మొక్కకు నక్క పేరు

ఎర్రకొండ అడవిలో ఎవరి తిండి వాళ్లు చూసుకునేవాళ్లే గానీ, ఒక్క కట్టుబాటు మాత్రం ఎవరూ దాటరు. ఎవరూ ఎరగని మొక్క కనిపిస్తే, కనిపెట్టినవాళ్లు ఎలుగు పెద్దయ్య ముందు దాని వేరు, పువ్వు ఎలా ఉంటాయో చెప్పాలి. అందరూ చూస్తుండగా ఆకు నమిలి రుచి చెప్పాలి. అప్పుడు పేరు పెట్టే హక్కు వాళ్లది, మొక్క మొలిచిన చరియా వాళ్లదే. వాళ్లు ఒప్పుకోకుండా అక్కడ ఎవరూ అడుగు పెట్టకూడదు.

చెవులపిల్లి పోలమ్మ బొరియ పక్కన, రాతి సందులో అలాంటి మొక్క పూసింది. ఊదారంగు పువ్వు, గంటలా వేలాడుతోంది. పోలమ్మ సంబరం పట్టలేక ఆకు కొరికింది. పచ్చి కంద తిన్నట్టు నోరంతా ఒకటే దురద. చింతచిగురు నమిలితే గానీ తగ్గలేదు. అయినా సంబరం తగ్గలేదు. చరియ తనదైతే బొరియలోని పసికూనలకు ఇక నక్క భయం ఉండదు మరి.

పొరుగున ఉన్న కౌజుపిట్టకు ఈ కబురు చెబుతూ, వేరూ పువ్వూ అయిపోయి ఆకు దగ్గరికొచ్చేసరికి గాలి తిరిగింది. పొద వెనక నుంచి నక్క కంపు గుప్పుమంది. చాటుగా వింటోంది, సిగ్గులేనిది. పోలమ్మ తొణకలేదు. కాస్త గొంతు పెంచింది.

"ఇక ఆకంటావా వదినా, చెరుకుముక్కే అనుకో."

తెల్లారేసరికి నక్క పెద్దయ్య ముందుంది. మొక్క తనదేనంది, చరియ తనదేనంది, నక్కమల్లె అని పేరు కూడా ఖాయం చేసేసింది. ఊదా పువ్వుకి మల్లె ఏమిటని అడిగే ధైర్యం ఎవరికుంది? వేరు సరిగ్గా చెప్పింది, పువ్వూ సరిగ్గానే చెప్పింది. పెద్దయ్య ఆకులు తెప్పించి రుచి అడిగాడు.

"తీపి పెద్దయ్యా, చెరుకే," అంటూ నక్క నోటినిండా కుక్కుకుంది.

నమిలిందో లేదో కళ్లు తేలేసింది. నాలుక వేలాడేసి, మూతి నేలకేసి రుద్దుకుంది. మాట ముద్దయిపోయింది. అడవంతా పగలబడి నవ్వింది.

"జన్మలో ఎప్పుడైనా ఆకు తిన్న మొహమేనా నీది?" అన్నాడు పెద్దయ్య.

పోలమ్మ ముందుకొచ్చి ఒక ఆకు నమిలింది, దురదని చెప్పింది, వెంట తెచ్చుకున్న చింతచిగురు నోట్లో వేసుకుని తాపీగా నిలబడింది. చరియ నీదే, పేరు చెప్పమన్నాడు పెద్దయ్య.

"పాపం, తన పేరుండాలని నక్కమామ అంత ముచ్చటపడ్డాడు, కాదనడం ఎందుకు? నక్కదురద అని పిలుద్దాం."

ఆ చరియ మీద మళ్లీ నక్క కనిపిస్తే ఒట్టు. ఎరగనిదాన్ని నాదని చెప్పుకునేవాడికీ పేరు వస్తుంది, కాకపోతే ఇలాంటి పేరే వస్తుంది.