కేంద్రకమ్మకు ఉట్టి కట్టిన పోగులు

ఒకప్పుడు, అంటే మేకలకు గడ్డాలు మొలిచిన కొత్తలో, ఒంట్లోని కణాల లోపల ఒక్క పోగూ పని చేసేది కాదు. పోగులు లేక కాదు. మూలన ఉండచుట్టుకుని పడుకునేవి. ప్రతి కణం నట్టింట్లోనూ ఒక కేంద్రకమ్మ ఉండేది, గుడ్డులో పచ్చసొనలాగా అటూ ఇటూ దొర్లుతూ.

ఈ కేంద్రకమ్మ సామాన్యురాలు కాదు. కొమ్ము ఎట్లా మొలవాలో, గిట్ట ఎట్లా గట్టిపడాలో అంతా రాసిన దారం ఆమె కడుపులోనే ఉంటుంది. కంటికి ఆనని ఆ కడుపులో నిలువెత్తు మనిషంత దారం. నా నోట గోరంత కొండంత అవుతుందని మా ఇంటావిడ అంటుంది గానీ, ఈ మాటకు మాత్రం నేను అంగుళం కూడా కలపలేదు.

ఒక కొండ మీద చుక్కల మేక ఉండేది. ఒక్క దూకు దూకితే మూడు మబ్బులు దాటేది. అంతటి మేక గిట్టల మధ్య ఒకనాడు తుమ్మముల్లు దిగింది. ఎంత ముల్లు? జెండా కట్టి ఊరేగించవచ్చు. ముల్లయితే రాలిపోయింది, గుంట మిగిలింది. మేక కుంటుతూ వెనకబడింది. మంద ముందుకు పోయింది. ఎదుటి గుట్ట మీద తోడేలు తీరిగ్గా కూర్చుంది.

"తొందరేం లేదులే. పొద్దుగూకే దాకా ఆగుతాను" అంది.

పొద్దుగూకేలోగా గుంట పూడాలి. ఆ పని అతుకులమ్మది. అతుకులమ్మ అంటే గాయాలు అతికే కణం. గుంట దాకా పాకి పోవాలి, అక్కడ తాను ఇద్దరై, ఆ ఇద్దరూ నలుగురై పూడ్చాలి. దారిలో ఒక సందు. చీమ మీసమైనా పక్కకు తిరిగి పోవాల్సిందే, అంత ఇరుకు.

అతుకులమ్మ తల దూర్చింది. మెత్తని ఒళ్లు కదా, సాగింది. లోపలున్న కేంద్రకమ్మ మాత్రం గోడకు కొట్టుకుని నొక్కుకుపోయింది.

"ఏమే కోడలా, నన్ను పిండి నూనె తీస్తావా? నా పొర చిరుగుతోంది. చిరిగిందంటే రాతంతా చిందరవందర. గిట్ట మొలవాల్సిన చోట తోక మొలుస్తుంది, చూసుకో."

"ఏం చెయ్యను అత్తా? ఆగుదామంటే అక్కడ తోడేలు."

మూలనుంచి ఒక ఆవలింత వినిపించింది. పోగులన్నిటికీ పెద్దది, పోగులక్క.

"మేం పట్టుకుంటాం పెద్దమ్మా."

"మీరా? ఇన్నాళ్లలో గడ్డిపోచ కదిపిన పాపాన పోయారా? తినడం, పడుకోవడం."

"తిన్నాం కాబట్టే బలముంది" అంది పోగులక్క. "లేవండే చెల్లెళ్లూ."

లేచాయి. ఒకదాన్నొకటి పెనవేసుకుని పురి పెట్టాయి. సగం పోగులు కేంద్రకమ్మ పొరకున్న చిల్లుల్లోంచి లోపలికి దూరి, మంచానికి నులక అల్లినట్టు పొర వెంబడి వల అల్లాయి. మిగతా సగం బయట, పెరుగు కుండకు ఉట్టి కట్టినట్టు తాళ్లు బిగించి కణం గోడలకు లాగి కట్టాయి. పోగులక్క ఒక్కతే నలభై ఏనుగుల బరువు లాగింది. కణంలో ఏనుగులెక్కడివని అడగకండి, లాగింది.

"ఇప్పుడు దూరు వదినా."

అతుకులమ్మ దూరింది. కేంద్రకమ్మ దోసకాయంత సన్నబడింది, తర్వాత చిక్కుడుకాయంత సన్నబడింది, అవతల తేలి మళ్లీ గుండ్రంగా అయింది. పొర చిరగలేదు.

"అమ్మయ్య" అంది కేంద్రకమ్మ.

తొందరపడి అనేసింది. గుంట దగ్గర ఇద్దరు కావాలి కదా. కేంద్రకమ్మ విచ్చుకోబోయింది. కుదరలేదు. ఇన్నాళ్లకు పని దొరికిన సంబరంలో పోగులక్క ఎక్కడపడితే అక్కడ పీటముళ్లు వేసింది.

"విప్పవే."

"విప్పితే మళ్లీ దొర్లిపోతావు పెద్దమ్మా. మమ్మల్ని మళ్లీ మూలకు తోస్తావు."

"పిచ్చిదానా, ఉట్టి కట్టిన మనిషి కుండ దించకపోతే ఇంట్లో పెరుగెవరు తింటారు?"

అవతల సూర్యుడు గుట్టకు ఆనుకున్నాడు. తోడేలు లేచి ఒళ్లు విరుచుకుంది.

పోగులక్క ముడి తర్వాత ముడి, తన వేళ్లతో తానే ఊడదీసింది. వల విడిపోయింది. కేంద్రకమ్మ విచ్చుకుంది. ముందే జంటగా రాసిపెట్టుకున్న దారం చెరి సగమైంది. ఒక అతుకులమ్మ ఇద్దరైంది. ఆ వెంటనే రెండిళ్లలోనూ పోగులు మళ్లీ అల్లుకున్నాయి. ఈసారి అన్నీ జారుముళ్లే. ఇద్దరు నలుగురయ్యారు, నలుగురు నాలుగు లక్షలయ్యారు. గుంట పూడింది.

మేక కాలు మోపి చూసింది. నొప్పి లేదు. ఒక్క దూకు. అప్పటికే మీదికి ఉరికిన తోడేలు పళ్లు గాలిని కొరికాయి.

"పొద్దింకా గూకనేలేదు" అని గొణిగింది తోడేలు. వినడానికి మేక అక్కడ లేదు, మందలో ఉంది.

కేంద్రకమ్మ ఈసారి నిదానంగా ఊపిరి వదిలింది. "ఇంక మూలకెందుకే. నా చుట్టూనే ఉండండి" అంది పోగులక్కతో.

అప్పటినుంచే, మేకకైనా మనిషికైనా, కేంద్రకం ఉన్న కణంలో దాని పొర లోపల సన్నని పోగుల వల, బయట పోగుల ఉట్టి. కణం రెండు కాబోయేటప్పుడు ఆ వల ఎవరూ అడగకుండానే విడిపోతుంది, రెండయ్యాక రెండిళ్లలోనూ మళ్లీ అల్లుకుంటుంది.