ఆదెమ్మకు అందిన బంతి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు పక్కన చదునైన పచ్చిక నేల ఉండేది. జంతువుల పిల్లల బడి అక్కడే. పొద్దున పాఠాలు, ఎండ కాస్త చల్లబడ్డాక ఆటలు.

ఆటలు నేర్పేది ఎలుగుబంటి భద్రయ్యగారు. పిల్లలంతా ఆయన్ని డ్రిల్లు మాష్టారు అనేవాళ్ళు. ఆయన నడక నిదానం, మాట ఇంకా నిదానం. మెడలో వెదురు ఈల వేలాడుతూ ఉండేది గానీ, దాన్ని ఊదడం మాత్రం తక్కువే.

ఒకరోజు మాష్టారు బుట్టెడు బంతులు తెచ్చారు. లోపల బూరుగు దూది కూరి, పైన నారతో బిగించి అల్లిన బంతులు. పిల్లలు ఎగురుకుంటూ వచ్చి చుట్టూ మూగారు.

"ఇవాళ ఫుట్‌బాలా మాష్టారూ?"

"ఫుట్‌బాలే. కానీ గోల్ కొట్టడం కాదు. పాస్ ఇవ్వడం నేర్చుకుందాం" అన్నారు మాష్టారు.

ఆ మాట వినగానే చెంగడి మొహం వాడిపోయింది.

చెంగడు చుక్కల దుప్పి పిల్ల. పరుగులో వాడిని మించినవాళ్ళు ఆ బడిలో లేరు. బంతి ఒకసారి వాడి కాళ్ళ దగ్గరికి వచ్చిందంటే ఇక మిగతావాళ్ళు చూస్తూ నిలబడాల్సిందే. పరిగెత్తలేనివాళ్ళే పక్కవాళ్ళకు బంతి ఇస్తారని వాడి లెక్క. తనకెందుకు ఆ పాఠం?

మాష్టారు ముళ్ళపంది పిల్ల సూదయ్యను ఎదురుగా నిలబెట్టారు.

"చూడండి నాయనా. బంతి ఎవరికి ఇస్తున్నామో ముందు వాళ్ళని చూడాలి. తరవాత పేరు పెట్టి పిలవాలి. ఆ తరవాత కాలి లోపలి పక్కతో, నేల మీద దొర్లేలా నెట్టాలి. తన్నకూడదు. నెట్టాలి."

"సూదయ్యా!" అని పిలిచి ఆయన బంతిని నెట్టారు. అది గడ్డి మీద మెల్లగా దొర్లుతూ వెళ్ళి సూదయ్య కాలి ముందు ఆగింది. సూదయ్య దాన్ని కాలితో అదిమి పట్టి పెద్దగా నవ్వేశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఇంతేనా?" అనుకున్నాడు చెంగడు.

మాష్టారు పిల్లల్ని ఇద్దరిద్దరిగా జోడీలు కట్టారు. చెంగడికి జోడీగా ఆదెమ్మ వచ్చింది.

ఆదెమ్మ అలుగు పిల్ల. ఒళ్ళంతా గట్టి పొలుసులు, పొడుగాటి ముక్కు, చిన్న చిన్న కళ్ళు. ముందు కాళ్ళ గోళ్ళు మరీ పెద్దవి కావడంతో, వాటిని రొమ్ముకు మడుచుకుని వెనక కాళ్ళ మీద ఊగుతూ నడిచేది. బడిలో చేరి ఎన్నాళ్ళో కాలేదు. అలుగులకు ఒక అలవాటు ఉంది. భయం వేస్తే చాలు, తల పొట్టలోకి దూర్చి ఉండలా చుట్టుకుపోతాయి. పొలుసులు తప్ప ఇంకేం కనిపించవు.

చెంగడు ఆదెమ్మకేసి చూడలేదు. పిలవనూ లేదు. బంతిని ఒక్క తన్ను తన్నాడు. అది రివ్వున వెళ్ళి ఆదెమ్మ భుజానికి తగిలింది. ఆదెమ్మ చటుక్కున చుట్టుకుపోయింది.

పక్కనున్న పిల్లలు పకపకా నవ్వారు. "చెంగా, ఇప్పుడు నీకు రెండు బంతులురా!" అన్నాడు కొండముచ్చు పిల్ల.

ఆ నవ్వులు చెంగడికి బాగున్నాయి. ఆదెమ్మ మెల్లగా విప్పుకుని నిలబడగానే ఇంకా గట్టిగా తన్నాడు. ఆమె మళ్ళీ చుట్టుకుపోయింది. పిల్లలు మళ్ళీ నవ్వారు.

మూడోసారి ఆదెమ్మకు చుట్టుకునే వ్యవధి కూడా దొరకలేదు. బంతి సూటిగా వచ్చి ముక్కు మీద తగిలింది. "అమ్మా!" అని ఒక్క కేక వేసి ఉండలా ముడుచుకుంది. ఇక విప్పుకోలేదు. అవతలి జోడీలకు నేర్పుతున్న మాష్టారు కేక విని వచ్చి, పక్కన కూర్చుని పిలిచారు. పలకలేదు. బడి వదిలేశాక వాళ్ళమ్మ వచ్చింది. కూతుర్ని అలాగే తోక మీద ఎక్కించుకుని, ఎవరినీ ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయింది.

పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు. చెంగడు కూడా వెళ్ళబోతుంటే మాష్టారు పిలిచారు.

"చెంగా, బంతి ఎక్కడికి పంపావు నాయనా?"

"ఆదెమ్మకే మాష్టారూ."

"ఆదెమ్మకు పంపావా, ఆదెమ్మ మీదికి పంపావా?"

చెంగడు నేల చూపులు చూశాడు. మాష్టారు బంతులు బుట్టలో వేసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు ఆదెమ్మ బడికి రాలేదు. ఆటల వేళకు మాష్టారు అందరికీ ఒక కబురు చెప్పారు. పది రోజుల్లో వాగు అవతలి బడి వాళ్ళు తమతో ఆడడానికి వస్తున్నారట.

"ఇక్కడ జోడీగా నేర్చుకున్నవాళ్ళే అక్కడ ఆడతారు. జోడీ లేనివాళ్ళు గట్టు మీద కూర్చుని చూడండి" అన్నారు.

చెంగడికి గుండె జారిపోయింది. తను లేకుండా ఆటా? ఆ సాయంత్రమే ఆదెమ్మ వాళ్ళ బొరియ దగ్గరికి పరిగెత్తాడు.

"ఆదెమ్మా, రేపు బడికి రా! నువ్వు రాకపోతే నన్ను ఆడనివ్వరు" అని బొరియలోకి అరిచాడు.

ఆదెమ్మ వాళ్ళమ్మ తల బయటికి పెట్టింది. "మా పిల్లకు ముక్కు వాచింది నాయనా. రాదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు చెంగడు ఒక ఆకు దొప్ప నిండా చీమలు పట్టుకొచ్చాడు. అలుగులకు చీమలంటే ప్రాణం. "ఇవి నీకే ఆదెమ్మా. తిని రేపు బడికి వచ్చేయ్. సరేనా?" అన్నాడు.

లోపల్నుంచి చిన్న గొంతు వినిపించింది. "నాకొద్దు."

చెంగడికి కోపం వచ్చింది. దొప్ప అక్కడే పడేసి వెళ్ళిపోయాడు. చీమలన్నీ వాటి దారిన అవి పోయాయి.

ఆ మరుసటి రోజు బడిలో జోడీలన్నీ పాస్‌లు ఆడుతుంటే చెంగడు ఒక్కడే గట్టు మీద కూర్చున్నాడు. ఎవరూ వాడిని పిలవలేదు. వాడివైపు ఎవరూ చూడనూ లేదు. బంతి అటూ ఇటూ దొర్లుతోంది. పేర్లు వినిపిస్తున్నాయి. అందులో తన పేరు లేదు. బొరియలో చీకట్లో ముడుచుకుని కూర్చున్న ఆదెమ్మ వాడికి గుర్తొచ్చింది.

సాయంత్రం మళ్ళీ బొరియ దగ్గరికి వెళ్ళాడు. ఈసారి అరవలేదు. ఏమీ తీసుకురాలేదు. బయట గడ్డిలో కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు.

చాలాసేపటికి ఆదెమ్మ వాళ్ళమ్మ బయటికి వచ్చింది. "మళ్ళీ వచ్చావా? ఏం కావాలి?"

"ఏమీ వద్దు పిన్నీ. ఆదెమ్మ ముక్కు ఎలా ఉందో అడుగుదామని వచ్చాను. నేనే కొట్టాను. అందరూ నవ్వుతుంటే బాగుందని మళ్ళీ మళ్ళీ కొట్టాను. తప్పు చేశాను పిన్నీ."

ఆమె పక్కకు తప్పుకుంది. వెనక నుంచి ఆదెమ్మ ముక్కు బయటికి వచ్చింది. ఇంకా కాస్త వాచే ఉంది.

"నొప్పిగా ఉందా?" అడిగాడు చెంగడు.

"నిన్నటంత లేదు."

"నీకు బంతి అంటే అంత భయమా?"

"బంతి అంటే భయం కాదు. నాకు దూరంగా ఉన్నవి సరిగ్గా కనపడవు. అంతా మసక మసకగా ఉంటుంది. బంతి నా ముక్కు ముందుకి వచ్చాకే కనపడుతుంది. అప్పటికే తగిలేస్తుంది" అంది ఆదెమ్మ.

చెంగడు నోరు తెరిచాడు. "మరి ఈ సంగతి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా."

చెంగడు ఈసారి ఆదెమ్మ మొహం వైపు చూశాడు. "మరి చెవులు బాగా వినపడతాయా?" అన్నాడు.

"చీమ పాకినా వినపడుతుంది."

చెంగడు లేచి బడికి పరిగెత్తి ఒక బంతి తెచ్చాడు. బొరియకు కాస్త దూరంగా నిలబడి, "ఆదెమ్మా! వస్తోంది!" అని పిలిచి, గిట్ట లోపలి పక్కతో మెల్లగా నెట్టాడు. బంతి గడ్డిలో సరసరమంటూ దొర్లింది. ఆదెమ్మ తల వంచి ఆ చప్పుడు వింది. కాలు చాపింది. బంతి ఆ కాలి పక్క నుంచి జారిపోయింది.

"నాదే తప్పు. పక్కకు పోయింది" అన్నాడు చెంగడు. తన నోట ఆ మాట రావడం వాడికే కొత్తగా అనిపించింది.

మళ్ళీ పిలిచాడు. మళ్ళీ నెట్టాడు. ఎన్నోసారికో బంతి వచ్చి ఆదెమ్మ కాలి కింద ఆగింది. ఆదెమ్మ చుట్టుకుపోలేదు. గుమ్మంలో నిలబడ్డ వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఇప్పుడు నువ్వు పంపు" అన్నాడు చెంగడు.

"చెంగా!" అని పిలిచి ఆదెమ్మ నెట్టింది. ఆమె నెట్టిన బంతి గీత గీసినట్టు తిన్నగా వచ్చింది. చెంగడు ఆశ్చర్యపోయాడు. వాడు నెడితే అంత తిన్నగా ఎప్పుడూ వెళ్ళలేదు.

మర్నాటి నుంచి ఆదెమ్మ బడికి వచ్చింది. కొండముచ్చు పిల్ల ఏదో అనబోతే, "ఒరేయ్, నోరు మూసుకుని నీ జోడీ సంగతి చూసుకో" అన్నాడు చెంగడు. ఇద్దరూ రోజూ ఒక పక్కన పాస్‌లు ఆడుకునేవాళ్ళు. మాష్టారు అటుగా వెళ్తూ ఒకసారి చూసి పోయేవారు.

ఆట రోజు రానే వచ్చింది. వాగు అవతల నుంచి అడవిపంది పిల్లలు గుంపుగా దిగాయి. బొద్దుగా, బలంగా ఉన్నాయి. రెండు వైపులా వెదురు గడలు పాతి గోల్ కట్టారు. ఇటువైపు గోల్ దగ్గర సూదయ్య నిలబడ్డాడు. వాడికి మాష్టారు ఒకే మాట చెప్పారు. "వీపు మాత్రం తిప్పకురా."

సూదయ్య తిప్పనే తిప్పాడు. బంతి వచ్చి ముళ్ళకు గుచ్చుకుంది. దాన్ని ఊడదీయడానికి ఇద్దరు పట్టి లాగాల్సి వచ్చింది. ఆ నవ్వుల గోల సద్దుమణిగేలోపే అడవిపందులు ఒక గోల్ కొట్టేశాయి.

అంతే, చెంగడికి ఒళ్ళు వేడెక్కింది. నేర్చుకున్నదంతా మరిచిపోయాడు. బంతి దొరకగానే ఒక్కడే దూసుకుపోయాడు. నలుగురు అడ్డం వచ్చి బంతి లాగేసుకున్నారు. రెండోసారీ ఒక్కడే వెళ్ళాడు. గోల్ కనిపించగానే బలం కొద్దీ తన్నాడు. బంతి గడకు తగిలి అవతల తుప్పల్లో పడింది. తన జట్టువాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం వాడి కంట పడింది.

ఆట ముగిసే వేళ మళ్ళీ బంతి వాడి కాళ్ళ దగ్గరికి వచ్చింది. ముందు రెండు పందులు గోడలా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య సన్నటి సందు ఉంది. గట్టిగా తంతే దూరిపోవచ్చు. దూరితే గోల్. అందరూ తన పేరే చెప్పుకుంటారు.

అప్పుడే ఎడం పక్కన ఆదెమ్మ కనిపించింది. ఆమె చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆమె వల్ల ఏమవుతుందిలే అని పందులు వదిలేశాయి. ఆమె తల వంచి వింటూ ఉంది.

చెంగడు ఒక్క క్షణం ఆగాడు. తరవాత గట్టిగా పిలిచాడు. "ఆదెమ్మా! వస్తోంది!"

మెల్లగా నెట్టాడు. బంతి సరసరమంటూ వెళ్ళి ఆదెమ్మ కాలి ముందుకి చేరింది. ఆమె దాన్ని అదిమి పట్టింది. పందులు రెండూ ఉలిక్కిపడి ఆమె మీదికి పరిగెత్తాయి. నేల దడదడలాడింది. గట్టు మీద కూర్చున్న ఆదెమ్మ వాళ్ళమ్మ లేచి నిలబడింది. ఇక చుట్టుకుపోతుందనే అనుకున్నారు అందరూ.

ఆదెమ్మ తల కాస్త లోపలికి ముడుచుకుంది కూడా. కానీ ఆ దడదడల మధ్య ఒక గొంతు వినిపించింది. "ఇక్కడున్నా ఆదెమ్మా, ఇక్కడున్నా!"

"చెంగా!" అంటూ ఆమె ఆ గొంతు వైపుకి నెట్టింది.

బంతి తిన్నగా పందుల పక్క నుంచి దొర్లుకుంటూ వచ్చింది. చెంగడి ముందు ఇప్పుడు ఎవరూ లేరు. వాడు దాన్ని తన్నలేదు. గడల మధ్యకు మెల్లగా నెట్టాడంతే.

గోల్!

మాష్టారు ఈల ఊదారు. రెండు బడులకూ చెరో గోల్. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. అయినా పిల్లలంతా ఆదెమ్మ చుట్టూ చేరి ఒకటే గంతులు. అడవిపంది పిల్లల నాయకుడు కూడా వచ్చి, "అంత తిన్నగా ఎలా నెట్టావు? మాకూ నేర్పవా?" అని అడిగాడు. ఆదెమ్మ సిగ్గుపడి, "మళ్ళీ వచ్చినప్పుడు నేర్పుతాలే" అంది.

ఆ తరవాత అందరూ నీళ్ళు తాగడానికి వాగు వైపు పరుగులు తీశారు. చెంగడు మాత్రం పరిగెత్తలేదు. ఊగుతూ నడిచే ఆదెమ్మ పక్కనే, ఆమె నడకకు తగ్గట్టుగా నిదానంగా నడిచాడు.

"ఆదెమ్మా, నీకు నేను కనపడను కదా. నాకే ఇవ్వాలని ఎలా అనిపించింది?"

"నువ్వు పిలిచావుగా" అంది ఆదెమ్మ. "పిలిచినవాళ్ళు అందుకుంటారని తెలుసు."

వాగు దగ్గర రాళ్ళు జారుడుగా ఉన్నాయి. ముందు చెంగడు దిగి, "ఇక్కడ కాలు పెట్టు" అని చెప్పాడు.

నీతి: ఇవ్వడమంటే విసిరేయడం కాదు. ఎదుటివాళ్ళ సంగతి కనుక్కుని, వాళ్ళు అందుకోగలిగేలా ఇవ్వాలి.