గ్రహణానికి పది రోజుల ముందు

పది రోజుల్లో పట్టపగలే చీకటి పడుతుందని తెలిసిన పూట నుంచి చిట్టిగడ రాజు సోమభూపతికి అన్నం సయించడం మానేసింది. ఆస్థాన జ్యోతిష్కుడు యజ్ఞేశ్వర సిద్ధాంతి లెక్క కట్టి మరీ చెప్పాడు: అమావాస్యనాడు సంపూర్ణ సూర్యగ్రహణం, మిట్టమధ్యాహ్నం చుక్కలు కనబడతాయి.

"చుక్కలు కనబడితే కనబడనీ. దాని అర్థమేమిటి?" అన్నాడు రాజు.

ఆ తొందరలో నిండు కొలువులో మాట కూడా ఇచ్చేశాడు. గ్రహణం రాకముందే దాని అర్థం తన మనసుకు పట్టేట్టు చెప్పినవాళ్లకు కోరింది ఇస్తానన్నాడు.

ఇంకేముంది, అందరికీ అర్థాలు పుట్టుకొచ్చాయి.

"సూర్యుడంటే తమరు, రాహువంటే పొరుగురాజు. రెండు వందల గుర్రాలు కొంటే గాని రాహువు వదలడు ప్రభూ," అన్నాడు సేనాపతి.

"ఆ చీకటి కళ్లలోంచి దిగి కాలేయంలో కూర్చుంటుంది. ఊరంతా నా కషాయం తాగాలి," అన్నాడు వైద్యుడు.

ఆస్థాన కవి లేచి, రాజుగారి తేజస్సు చూసి సూర్యుడు సిగ్గుతో మొహం దాచుకుంటున్నాడని చెప్పి, శాలువా కప్పించుకోవడానికి వీలుగా కాస్త ముందుకు వంగాడు.

"బాగానే ఉంది గాని, అంత సిగ్గుపడ్డవాడు కాసేపటికే మళ్లీ బయటికెందుకు వస్తాడు?" అన్నాడు రాజు. కవి కూర్చున్నాడు.

రాజు పక్కన తాంబూలం పళ్లెంతో నిలబడ్డ బంగారక్క నవ్వు ఆపుకుంటూ ఆకులు మడుస్తోంది. రాజుకు తాంబూలం అందించే పనిలో ఆమెకది పన్నెండో ఏడు. ఇలాంటి అర్థాలు చాలా విన్నది.

అప్పుడు సిద్ధాంతి లేచాడు.

"ప్రభూ, గ్రహణపు చీకటి పడమటి నుంచి వస్తుంది. మా తాతగారు కళ్లారా చూసి తాటాకు మీద రాసి పెట్టారు. అది ముందుగా తాకిన నేలకు దోషం తగులుతుంది. ఆ దోషం అక్కణ్నుంచి కోటలోకి పాకుతుంది. మన పడమట ఉన్నది ఏటిగట్టు మీది అద్దకంపేట. గ్రహణం లోపల దాన్ని ఖాళీ చేయించి, ఆ నేల దానం ఇచ్చేస్తే తమకు ఏ కీడూ రాదు."

రాజు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "ఇది నా మనసుకు పట్టింది. మీకేం కావాలో కోరుకోండి."

"నాకేం వద్దు ప్రభూ. అంత దోషం ఉన్న నేలను దానం పట్టడానికి ఎవరూ ముందుకు రారు. తమ క్షేమం కోసం ఆ పాపమేదో నేనే మోస్తాను."

ఏటిగట్టున మామిడితోట వేయాలని సిద్ధాంతి మూడేళ్లుగా ఉబలాటపడుతున్నాడని ఊళ్లో తెలియనిది రాజుకొక్కడికే.

బంగారక్క చేయి ఆగిపోయింది. అద్దకంపేట ఆమె పుట్టిన చోటు. బట్టలకు రంగులద్ది బతికే నూట ఇరవై గడపలు. తల్లీ ఇద్దరు తమ్ముళ్లూ అక్కడే ఉన్నారు. ఏరు వదిలితే అద్దకం లేదు. రాజు ఇచ్చిన మాట తప్పడు. సిద్ధాంతి తనంతట తాను వదులుకుంటే తప్ప దారి లేదు.

ఆ దిగులులో ఆకుకు సున్నం ఎక్కువ పూసింది. రాజు నాలుక పొక్కింది.

"ఏమైందే బంగారీ?"

"తప్పయింది దొరా. అయ్యవారి మాట వింటూ ఉండిపోయాను. నాకొక్క సందేహం, అడగమంటారా?"

"అడుగు."

"అయ్యవారూ, పడమటి నుంచి వచ్చిన చీకటి కోట మీదే కూర్చుంటుందా?"

"కూర్చోదు. చీపురుతో ఊడ్చుకుపోయినట్టు తూర్పుకు సాగిపోతుంది," అన్నాడు సిద్ధాంతి, ఆడమనిషికి అర్థమయ్యే పోలిక దొరికినందుకు తనే మురిసిపోతూ.

"ఊడ్చడం నాకు తెలుసండీ. మరి ఇల్లు ఊడ్చినప్పుడు చెత్త మొదలుపెట్టిన చోట ఉంటుందా, చివరి గడప దగ్గర పోగవుతుందా?"

రాజు ముందుకు వంగాడు. "తూర్పున చివరి గడప ఎవరిది?"

"సిద్ధాంతిగారి రెండంతస్తుల మేడ ప్రభూ," అన్నాడు సేనాపతి. గుర్రాలు రాని కసి గొంతులో తెలుస్తూనే ఉంది. "సెలవిస్తే పొద్దు గూకేలోపు నేలమట్టం చేయిస్తాను."

"ఆ దుమ్ము మీద నా కషాయం చల్లిస్తే మరీ మంచిది," అన్నాడు వైద్యుడు.

సిద్ధాంతి నుదుటి విభూతి చెమటకు తడిసి కారింది. "ప్రభూ, తొందరపడకండి. నీడ నీడే. సూర్యుడికి చంద్రుడు అడ్డం వస్తాడు, తప్పుకుంటాడు. చెట్టు నీడ పడితే నేల చెడుతుందా? దోషం ఏ ఇంటికీ అంటదు. తాతగారి తాటాకు మీద ప్రమాణం."

బంగారక్క మెల్లగా అన్నది:

"అయితే అద్దకంపేట మీద పడేదీ ఆ నీడే గదా అయ్యవారూ?"

సిద్ధాంతి కారిన విభూతిని ఉత్తరీయంతో తుడుచుకున్నాడు. "ఆ నీడే," అన్నాడు చివరికి. "నాకు ఆ దానం వద్దు ప్రభూ."

రాజు కాసేపు ఆయన్నీ, తర్వాత సేనాపతినీ వైద్యుణ్నీ కవినీ వరసగా చూశాడు. "మరి ఈ గ్రహణానికి అర్థమేమిటో నువ్వు చెప్పు బంగారీ."

"నాకు శాస్త్రం రాదు దొరా. చీకటి పడితే ఎవరి చేయి ఎవరి మూటలో ఉందో కనబడదంటారు. ఈ గ్రహణం మంచిది. పది రోజుల ముందే అన్ని చేతులూ కనబడ్డాయి."

రాజుకు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. రాజు నవ్వాక తప్పదు గనక సేనాపతీ వైద్యుడూ కూడా నవ్వారు. కవి అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"ఇదే నా మనసుకు పట్టిన అర్థం," అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ. "కోరుకో."

బంగారక్క కోరింది. ఏటిగట్టు నేలంతా అద్దకంపేటవాళ్లదేనని అప్పటికప్పుడు శాసనం రాయించి, రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి ఆమె చేతిలోని తాంబూలం పళ్లెంలో వేశాడు. శాసనానికి సాక్షిగా మొదటి సంతకం యజ్ఞేశ్వర సిద్ధాంతి చేత పెట్టించాడు.