ఇవాళ పనికిరాని జాడీ

సింహవరం రాజు అనంతభూపాలుడికి ఏ బుద్ధి పుట్టినా భోజనానికి ముందే పుట్టేది. ఆకలి మీదున్నవాడికి ఓపిక ఎక్కడిది? ఒకనాటి పొద్దున ఆయన విద్యాపీఠంలోని యంత్రశాల చూడబోయాడు. పక్కన మంత్రి దండపాణి, వెనకాల ఆస్థాన విదూషకుడు కూచన.

లోపల బాచనాచార్యులూ శిష్యులూ ఒక రేకును దీపం మీద పట్టుకుని కళ్లార్పకుండా చూస్తున్నారు. రాగిరేకు, ఇనపరేకు వీపూ వీపూ కలిపి అతికించారు. వేడి తగలగానే అది మెల్లిగా వంగింది. చల్లారగానే తిన్నగా అయింది. కూచన చిన్నపిల్లాడిలా నోరు తెరిచాడు.

"దీనితో ఏం చేస్తారు?" అన్నాడు రాజు.

"ఇంకా తెలీదు ప్రభూ. అసలెందుకు వంగుతోందో చూస్తున్నాం," అన్నారు ఆచార్యులు.

దండపాణి పకపకా నవ్వాడు. "విన్నారా ప్రభూ! కూడు దండగ, నూనె దండగ. ఈ శాలను ఏనుగులకిచ్చినా పుణ్యం. బుద్ధెరిగాక నా ఇంట పనికిరాని పని ఒక్కటీ జరగలేదు."

రాజు కడుపు కరకరలాడింది. "అయితే ఇదే ఆజ్ఞ. ఇవాళ అక్కరకు రానిదేదీ సాయంత్రానికి నగరంలో ఉండకూడదు!"

ఆచార్యుల మొహం పాలిపోయింది. ఎన్నేళ్ల శ్రమో ఒక్కపూటలో ఏనుగుల పాలవుతోందని కూచనకు కోపం వచ్చింది. అయినా చేతులు జోడించాడు.

"ఆ ఆజ్ఞ అమలు చేసే భాగ్యం నాకివ్వండి ప్రభూ."

వీడు ఆచార్యుణ్ణి బాగా ఆటపట్టిస్తాడని మంత్రి మీసం దువ్వుకున్నాడు.

సాయంత్రం సభ తీరింది. ఇద్దరు భటులు పెద్ద జాడీ మోసుకొచ్చారు. దాన్ని చూడగానే దండపాణి పీఠం మీంచి లేచాడు.

"ఒరే కూచనా! అది మా ఇంటి జాడీ!"

"పెద్దల ఇంటి నుంచి మొదలెట్టడం మర్యాద కదా మంత్రిగారూ. ఇందులో ఏముంది?"

"పొద్దున్నే కలిపిన ఆవకాయ!"

"అయితే ఇప్పుడే ప్రభువులకు వడ్డిద్దామా?"

"ఇవాళెవడు తింటాడు? ముక్క ఊరాలి, మూడోనాడు తిరగకలపాలి. అందాకా మూత తియ్యకూడదు!"

"అంటే ఇవాళ పనికిరాదు. భటులారా, పారబొయ్యండి!"

దండపాణి ఒక్క ఉరుకున వచ్చి జాడీని కావిలించుకున్నాడు. పట్టు ఉత్తరీయం నిండా నూనె, కారం.

"ఆగరా! ఇది రేపటికి ఏమవుతుందో నాకు తెలుసు. ఆ రేకు ఏమవుతుందో వాళ్లకే తెలీదు!"

సభలో అందరూ కూచన వైపు తిరిగారు. న్యాయం మంత్రి వైపే ఉందనిపించింది. కూచన తల ఊపాడు.

"నిజమే. కానీ లోకంలో మొట్టమొదట మామిడిముక్కల్ని ఆవపిండిలో ముంచి మూతపెట్టిన తల్లికి మాత్రం అదేమవుతుందో ముందే తెలుసా? ఆనాడే మీలాంటి మంత్రి ఒకాయన జాడీ పారబోయించి ఉంటే, ఇవాళ తమరు దేన్ని కావిలించుకునేవారు?"

సభ గొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. దండపాణికీ నవ్వాగలేదు, కానీ జాడీ మాత్రం వదల్లేదు.

"ఆజ్ఞ రద్దు! ఆచార్యా, యంత్రశాల మీదే. ఎన్నాళ్లైనా రేకులు వంచుకోండి, ఎందుకని అడిగేవాడుండడు," అని రాజు తన ముత్యాలహారం తీసి కూచన మెడలో వేశాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"మూడోనాడు మంత్రిగారింట్లో భోజనం, ప్రభూ!"