పరుగెత్తకూడని పది రోజులు

ఇప్పలకోన అని ఒక అడవి ఉండేది. ఎండలు ముదిరితే చాలు, అక్కడ ఇప్పపూలు రాలి నేలంతా తియ్యటి వాసన వేసేది. ఆ అడవిలో జింకలు, దుప్పులు, కణుజులు, మనుబోతులు, కొండగొర్రెలు, అడవిపందులు, కుందేళ్ళు ఏడు మందలుగా బతికేవి. చెట్లమీద కొండముచ్చులు ఉండేవి. వాటిది ఏ మందా కాదు గానీ, అన్ని మందల సంగతులూ వాటికే కావాలి.

ఆ అడవికి ఏ లోటూ లేదు, ఒక్క నీళ్ళు తప్ప. వైశాఖం వచ్చేసరికి వాగులన్నీ ఎండిపోయేవి. నీలిమడుగు ఒక్కటే మిగిలేది. ఏడు మందలూ ఒక్కసారి దిగితే ఆ మడుగు బురదగుంట అయిపోదూ? అందుకే పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు.

ఏటా ఫాల్గుణ పౌర్ణమి నాటి పొద్దున పదమూడు కోసుల పరుగు. మందకు ఒక్కరు పరుగెత్తాలి. అడవి చుట్టూ తిరిగొచ్చి, మడుగు ఒడ్డున తడిమట్టిలో కాలు మోపాలి. ఎవరి అడుగు ముందు పడితే వాళ్ళ మంద ముందు తాగుతుంది. దారిలో ఆగిపోయినవాళ్ళ మంద అందరి తర్వాత తాగుతుంది.

పోయిన ఏడాది జింకల తరఫున పరుగెత్తిన పోతు పదో కోసు దగ్గర కూలబడిపోయాడు. ఇక లేవలేదు. ఆ ఎండాకాలమంతా జింకలు బురద నాకాయి. సంపంగి అనే జింకపిల్లకు చిట్టి అని ఒక చెల్లెలు ఉండేది. ఇంకా పాలు మరవని పసిది. ఆ బురద తాగి జబ్బుపడింది. వానలు రాకముందే కన్నుమూసింది.

సంపంగి చెల్లెలి పక్కనే రెండు రోజులు నిలబడింది. మూడో రోజు తల్లి దగ్గరికి వెళ్ళి, "అమ్మా, వచ్చే ఏడు నేను పరుగెత్తుతా. మొదటి అడుగు మనదే," అంది.

"గెలవకపోయినా సరేనే తల్లీ. తిరిగి ఇంటికి రా, అంతే చాలు," అంది తల్లి.

కార్తీకమాసంలో మంచుకొండలు దాటి ఒక ముసలి బాతు నీలిమడుగుకు వచ్చింది. ఏటా వచ్చేదే. దాని అసలు పేరు ఎవరికీ తెలీదు. ఎక్కడెక్కడి దూరాలో ఎగిరి వస్తుంది కాబట్టి అందరూ దూరాలవ్వ అనేవారు. దూరం సంగతి ఆమెకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? సంపంగి వెళ్ళి ఆమె ముందు తలవంచి నిలబడింది. అప్పటికే అక్కడ ఇంకొకడు ఉన్నాడు. మనుబోతుల మందలోని గంగులు. బూడిదరంగు ఒళ్ళు, పెద్ద పొట్ట, నిదానం మాట.

"నేర్పుతాను గానీ, నా మాట ఒక్కోసారి చేదుగా ఉంటుంది," అంది దూరాలవ్వ.

"వేపాకు కూడా తింటాను అవ్వా," అన్నాడు గంగులు.

"నువ్వు తినందేముందిలే నాయనా!" అంది అవ్వ. సంపంగి ఫక్కున నవ్వింది. చెల్లెలు పోయాక అది నవ్వడం అదే మొదలు.

మర్నాటి నుంచి సాధన మొదలైంది. ఒక రోజు వాగులోని మెత్తటి ఇసుకలో పరుగు. కాలు దిగబడుతుంది, పీకి మళ్ళీ వెయ్యాలి. ఒక రోజు కాకిగుట్ట ఎక్కుతూ పరుగు. ఒక రోజు ముచ్చట్లాడుకునేంత మెల్లగా పరుగు. వారానికోసారి బారు పరుగు. మొదట నాలుగు కోసులు, తర్వాత ఆరు, ఆ తర్వాత తొమ్మిది. దూరాలవ్వ పైన ఎగురుతూ అరిచేది. "సంపంగీ, అంత తొందరేం? గంగులూ, ఆ పొద దగ్గర ఆగావేం?"

"పువ్వు బాగుంది అవ్వా."

"చూడ్డానికా, తినడానికా?"

గంగులు నోరు కదిలించడం ఆపి మళ్ళీ పరుగందుకునేవాడు.

మొదట్లో సంపంగి చెల్లెలి కోసమే పరుగెత్తింది. పోనుపోను పరుగంటేనే ప్రాణమైపోయింది. పొద్దున్నే మంచు తెర చీల్చుకుంటూ పోతుంటే, గడ్డిపోచల మీది చుక్కలు చిట్లి ముఖాన పడుతుంటే, తన ఒంట్లో ఎవరో పాట పాడుతున్నట్టుండేది దానికి. ఆ పాట ఆగిపోతే తను ఏమైపోతుందో అని కూడా అనిపించేది. నాలుగు నెలల్లో దాని కాళ్ళు ఈనెల్లా గట్టిపడ్డాయి. అడవిలో దాని ముందు ఎవరూ నిలవలేరని కొండముచ్చులు సైతం ఒప్పుకున్నాయి.

పౌర్ణమి ఇంక పది రోజులుందనగా దూరాలవ్వ ఇద్దర్నీ పిలిచింది.

"ఇవాళ్టితో పరుగు చాలు. ఈ పది రోజులూ కాసేపు నడవండి. మేయండి. నెమరేయండి. పడుకోండి."

"ఈ పాఠం నాకు ముందే వచ్చు," అని గంగులు అక్కడికక్కడే కాళ్ళు మడిచి పడుకున్నాడు.

సంపంగి గబుక్కున అవ్వ ముందుకొచ్చింది. "అవ్వా! పది రోజులా? నేర్చుకున్నదంతా పోదూ?"

"పోదమ్మా. ఇన్నాళ్ళూ మీ ఒంటిని దున్నాం. దున్నుతూనే ఉంటే పంట ఎప్పుడు పండేను? మంచుకొండల మీదికి ఎగరబోయే ముందు మేం ఏం చేస్తామో తెలుసా? రెక్కలు ముడుచుకుని, మడుగులో కూచుని తింటాం. పదో కోసు దగ్గర ఒంట్లో ఉన్న బలమంతా అయిపోతుంది. అక్కణ్నుంచి నిన్ను నడిపించేది ఈ పది రోజుల్లో దాచుకున్నదే."

"ఇంకొకళ్ళు పరుగెడుతూ ఉంటే?"

"పరుగెత్తనీ," అంది అవ్వ.

సంపంగి పడుకుంది. కానీ మనసు పడుకుంటేనా? కాళ్ళు వాటంతట అవే అదిరేవి. నిన్నటిదాకా లేని నొప్పి ఒకటి మోకాలిలో తగిలేది, మరుక్షణం తోకలో తగిలేది. ఒళ్ళు బరువెక్కినట్టు, గాలి తనను మరిచిపోయినట్టు ఉండేది. పక్కన గంగులు గురక పెడుతుంటే దానికి ఏడుపొచ్చేది.

ఐదో రోజున లంకన్న అనే కొండముచ్చు కొమ్మ మీంచి వేలాడుతూ వచ్చాడు.

"ఏంటమ్మాయ్, కాలు బెణికిందా?"

"లేదు మామా. అవ్వ విశ్రాంతి తీసుకోమంది."

"విశ్రాంతా! గుట్టవతల దుప్పి పిల్లాడు నిన్న కూడా తొమ్మిది కోసులు కొట్టాడు. నా కళ్ళతో చూశా. నువ్విక్కడ పెళ్ళికూతురిలా కూర్చో, వాడు నీళ్ళు తాగిపోతాడు." పకపకా నవ్వి ఆకుల్లోకి దూకేశాడు.

నిజానికి వాడు నిన్న గుట్టవతలికి పోనే లేదు. మేడిపళ్ళు తిని పొద్దంతా పడుకున్నాడు. సంపంగికి అదెలా తెలుస్తుంది? దాని కళ్ళముందు మడుగు కనిపించింది. బురద కనిపించింది. బురద అంటిన చిన్న మూతి కనిపించింది.

ఆరో రోజు తెల్లారింది. పందెం ఇంక నాలుగు రోజులుంది. గంగులు ఇంకా లేవలేదు. దూరాలవ్వ మడుగు నడుమ మేస్తోంది. 'ఒక్కసారి. పూర్తి దూరం వెళ్ళగలనో లేదో ఒక్కసారి చూసుకుంటా. ఆ తర్వాత బుద్ధిగా పడుకుంటా,' అనుకుంది సంపంగి.

బయల్దేరింది.

అబ్బ, ఆ పరుగు! ఐదు రోజులు మేసిన ఒళ్ళు అది. నేల తానే వెనక్కి పోతున్నట్టుంది. కాకిగుట్ట తెలియకుండానే దాటిపోయింది. వెదురు దారిలో ఎండ చారలు చారలుగా పడుతుంటే వాటి మీదుగా ఎగిరెగిరి పడింది. పదో కోసు వచ్చింది, పోయింది. కాళ్ళు బరువెక్కనే లేదు. పదమూడో కోసులో ఇప్పచెట్ల సందున తుమ్మెదను దాటి ముందుకు దూకింది. ఆ అడవి పుట్టాక ఎవరూ అంత బాగా పరుగెత్తి ఉండరు. కానీ చూసినవాళ్ళు ఎవరున్నారు? ఒడ్డున మట్టిలో కాలు మోపబోయి, ఆగి, నవ్వుకుని వెనుదిరిగింది.

'గెలుస్తాను. ఇంక భయం లేదు,' అనుకుంది.

సాయంత్రం దూరాలవ్వ వచ్చి చూస్తే సంపంగి ముందు పచ్చగడ్డి అలాగే ఉంది.

"మేయలేదేం?"

"ఆకలి లేదవ్వా."

"పరుగెత్తావా?"

సంపంగి తల దించుకుంది. "లేదవ్వా."

అవ్వ ఆ గడ్డికేసి చూసింది. వెళ్తూ వెళ్తూ, "ఈ మూడు రోజులైనా ఒళ్ళు కదల్చకు తల్లీ," అంది.

పౌర్ణమి నాడు పొద్దు పొడవగానే ఏడుగురూ ఇప్పచెట్ల బయలులో వరసగా నిలబడ్డారు. ఏ మందలోనూ లేని పెద్దయ్య అనే ఒంటరి అడవిదున్న రంకె వేశాడు. పరుగు మొదలైంది.

సంపంగి బాణంలా దూసుకుపోయింది. కొండముచ్చులు కొమ్మలు ఊపి కేకలేశాయి. నాలుగో కోసుకే మిగతావాళ్ళు కనుచూపులో లేరు. ఆరో కోసులో కాకిగుట్ట ఎదురైంది. మొన్న తెలియకుండా దాటిన గుట్ట ఇవాళ రెట్టింపు పెరిగినట్టుంది. 'ఎండ వల్లనేమో,' అనుకుంది. ఎనిమిదో కోసులో పాట వినిపించడం మానేసింది. తొమ్మిదిలో ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. పదో కోసు తునికిచెట్ల దగ్గర కాళ్ళు రాళ్ళయిపోయాయి. ఒంట్లో దాచుకున్నదాని కోసం వెతికింది. అక్కడ ఏమీ లేదు. మోకాళ్ళ మీద కూలబడింది.

దుప్పి దాటిపోయాడు. కణుజు దాటిపోయింది. కొండగొర్రె రొప్పుతూ దాటిపోయింది. ఆ తర్వాత ఒకే తూగులో, ఒకే చప్పుడుతో గంగులు వచ్చాడు. మొదటి కోసు ఎలా పరుగెత్తాడో ఇప్పుడూ అలాగే ఉన్నాడు. సంపంగిని చూసి అతని అడుగు తడబడింది.

"ఏమైంది పిల్లా?"

"గంగులన్నా, నేను మొన్ననే పరుగెత్తేశా. పదమూడు కోసులూ. నా దగ్గర ఇంకేం లేదన్నా." వెక్కివెక్కి ఏడ్చింది.

"పరుగెత్తలేకపోతే నడువు. కట్టుబాటులో నడవకూడదని ఎక్కడా లేదు. ఇక్కడ కూచుంటే మాత్రం మీ వాళ్ళకు మళ్ళీ బురదే," అన్నాడు గంగులు. ఆగకుండా సాగిపోయాడు. ఆగితే వాడి మంద మాటేమిటి?

ఆ మాటకు సంపంగి లేచింది. ఒక కాలు వేసింది. రెండోది వేసింది. నాలుగు నెలల్లో నేర్చుకున్న ఏ పరుగూ పనికిరాలేదు. ఒక్కో చెట్టు చూసుకుని, 'ఆ చెట్టు దాకా,' అనుకుంటూ నడిచింది. కొండముచ్చులు మొదట నవ్వాయి. తర్వాత నవ్వడం మానేశాయి. లంకన్న ఆకుల చాటుకు తప్పుకున్నాడు.

పన్నెండో కోసు దాటాక వెనక గుర్రుగుర్రుమని చప్పుడు. అడవిపంది! అది ముక్కు నేలకు ఆనించి ఉరికి వస్తోంది. దాని వెనక కుందేలు. మడుగు నీలంగా అల్లంత దూరాన మెరుస్తోంది. సంపంగి ఏ బలంతో కదిలిందో దానికే తెలీదు. తూలుతూ, ఒరుగుతూ వెళ్ళి తడిమట్టిలో కాలు మోపింది. పంది గిట్ట దాని పక్కనే పడింది.

"ఐదో అడుగు జింకలది," అన్నాడు పెద్దయ్య.

మొదటి అడుగు గంగులుది. పదో కోసు తర్వాత ముగ్గురినీ ఒక్కొక్కరిగా దాటి వచ్చాడట. మనుబోతుల మంద అతన్ని చుట్టుముట్టి గంతులేస్తోంది. అతను మాత్రం ఇంక పడుకోవచ్చా అని అడుగుతున్నాడు.

సంపంగి నీళ్ళ అంచున పడిపోయి ఉంది. దూరాలవ్వ ఈదుకుంటూ దాని దగ్గరికి వచ్చింది.

"అబద్ధం చెప్పానవ్వా. ఆ రోజు పరుగెత్తాను."

"తెలుసు. నీ ముందున్న గడ్డే చెప్పింది. ఎలా పరుగెత్తావు?"

"గాలిలా పరుగెత్తానవ్వా. అంత బాగా నేనెప్పుడూ పరుగెత్తలేదు."

అవ్వ కళ్ళు చెమర్చాయి. "అదేనమ్మా నీ పందెం. నాలుగు రోజుల ముందే గెలిచి, అక్కడే వదిలేసి వచ్చావు."

"నాకు నీమీద నమ్మకం లేక కాదవ్వా. నా కాళ్ళమీద లేకపోయింది."

"భయపడ్డావు. చెల్లెల్ని పోగొట్టుకున్నదానివి, భయపడవూ?" అంటూ దూరాలవ్వ రెక్క చాపి దాని మెడ నిమిరింది. "కానీ పందెం ముందు భయం వేస్తే కాళ్ళతో చెప్పకూడదు. నాతో చెప్పాలి."

వారం తిరక్కుండానే దూరాలవ్వ ఉత్తరానికి ఎగిరిపోయింది.

వైశాఖం వచ్చింది. నీలిమడుగు కుంచించుకుపోయింది. రోజూ ముందుగా మనుబోతులు దిగి తేటనీళ్ళు తాగేవి. ఐదో వంతు వచ్చేసరికి నీళ్ళు ఎర్రబడేవి. అయినా నీళ్ళే, బురద కాదు. జింకపిల్లలు మూతి ముడుచుకుంటూనే తాగేవి. జింకల తర్వాతి వంతులకు ఈసారి అడవిపందులు, కుందేళ్ళు ఉన్నాయి. పందులకు బురదంటేనే పండగ. కుందేళ్ళు చిగుళ్ళలోని తడితో గడుపుకునేవి.

తన వంతు నీళ్ళు తాగిన ప్రతిసారీ సంపంగికి ఎర్రటి నీటిలో తన ముఖం మసకగా కనిపించేది. తేటనీళ్ళు అందేవే కదా అని మనసు చివుక్కుమనేది. ఆ బాధ వానాకాలం దాకా పోలేదు. కానీ తొలకరి పడ్డ రోజున తల్లి మందలోని పిల్లల్ని లెక్కపెట్టింది. ఎండలకు ముందు పదకొండు. ఇప్పుడూ పదకొండే.

"ఒక్కటీ తగ్గలేదే," అంది తల్లి.

సంపంగి ఆ పిల్లల మధ్య వానలో కాళ్ళు మడిచి పడుకుంది. హాయిగా కళ్ళు మూసుకుంది.

నీతి: శ్రమ ఎంత ముఖ్యమో, దాన్ని నమ్మి ఆగడం అంత ముఖ్యం. భయంతో పడే పాటు బలాన్ని పెంచదు, దాచుకున్న బలాన్నే తినేస్తుంది.