అబ్బులు నాటిన గింజ సంపెంగ

తారకేశ్‌కి ఒక గర్వం ఉండేది, స్లైడు చూసి మనిషికి ఎంత కాలం మిగిలిందో చెప్పగలనని.

ఊరికే వచ్చిన గర్వం కాదులెండి. డాక్టర్ సుగుణ గారి ల్యాబులో కళ్లు పోయేలా మైక్రోస్కోపు చూసి సంపాదించుకున్నది. ఒంట్లో ప్రతి కణానికీ కబుర్లు అందుతుంటాయి, పెరగమని కొన్ని, ఆగమని కొన్ని. ప్రోస్టేట్ కేన్సర్‌లో కొందరికి ఆ ఆగమనే కబురు మోసే ప్రొటీను పోతుంది. ఇక పెరగమనే సంకేతమే లోపల నడుస్తూ ఉంటుంది. కణితి ముక్కని గాజు స్లైడు మీద పెట్టి రంగు వేస్తే ఆ సంకేతం కాఫీరంగులో తేలుతుంది. ఆ రంగు ఎంత చిక్కనైతే జబ్బు అంత తొందరగా తిరగబెట్టి మనిషిని తీసుకుపోతుందని తారకేశ్ లెక్క తేల్చాడు.

ఒకరోజు కడియం నుంచి అబ్బులు అనే మొక్కల నర్సరీ ఆయన తన స్లైడ్లు తీసుకెళ్లడానికి వచ్చాడు, ఇంకో డాక్టరుకి చూపించుకుందామని. చేతికిచ్చి పంపేస్తే సరిపోయేది. తారకేశ్ ఊరుకుంటేగా. కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ మైక్రోస్కోపులో చూపించాడు.

"అంతా కాఫీరంగే కనబడతంది బాబూ. మంచిదేనా?"

"కాదండీ. ఇలా ఉన్నవాళ్లకి మామూలుగా ఏడాదిన్నర."

అబ్బులు స్లైడ్లు బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత జబ్బుని అదుపులో పెట్టే హార్మోను ఇంజెక్షనుకి కూడా రాలేదు. ఎలాగూ పోయేవాడికి సూదులెందుకని నర్సరీ గేటుకి తాళం వేసి మంచమెక్కాడట. నడుం నొప్పికి రాత్రీ పగలూ మూలుగుతున్నాడని ఆయన భార్య మంగ సుగుణ గారికి ఫోను చేసి ఏడ్చింది.

"నన్ను అబద్ధం చెప్పమంటారా మేడమ్?" అన్నాడు తారకేశ్, కాస్త పౌరుషంగానే.

ఆవిడ కుర్చీలోంచి లేచారు. కారు తాళాలు తీసుకుని "పద" అన్నారు.

కడియంలో అబ్బులు వాళ్లని చూసి మంచం మీద కష్టంగా లేచి కూర్చున్నాడు.

"సంపెంగ మొక్క కావాలండీ అబ్బులు గారూ" అన్నారు సుగుణ గారు.

"అంటు మొక్క తీసుకెళ్లండమ్మా. తొందరగా పూస్తది."

"అంటు వద్దు. మీరు గింజ నాటి పెంచింది కావాలి."

"గింజదైతే పూతకి ఏళ్లు పడతదమ్మా." మొక్కల మాట వచ్చేసరికి ఆయన గొంతు కొంచెం లేచింది. అంతలోనే పడిపోయింది. "ఈ బాబు నాకు ఏడాదిన్నరే చెప్పాడు."

"చెప్పాడు. ఆ స్లైడు నేనూ చూశాను." ఆవిడ తారకేశ్ భుజం మీద చెయ్యి వేశారు. "అందాకా మీరు నీళ్లు పోయండి. ఆ తర్వాత ఇతను పోస్తాడు."

తారకేశ్ తల ఎత్తలేకపోయాడు. అబ్బులు అతన్ని ఎగాదిగా చూశాడు.

"మంగా, గేటు తాళం ఎక్కడెట్టావే?" అన్నాడు చివరికి.

మళ్లీ ఇంజెక్షన్లకి రావడం మొదలుపెట్టాడు. నొప్పి కాస్త తగ్గింది. వచ్చినప్పుడల్లా ముందు ల్యాబు కిటికీ దగ్గర ఆగేవాడు. "మొలకొచ్చింది బాబూ" అని ఒకసారి, "ఆకులేసింది, పురుగు కొట్టకుండా చూస్తన్నా" అని ఇంకోసారి. ఆ కబుర్లు వింటుంటే తారకేశ్‌కి ఆశ పుట్టింది. తన లెక్క తప్పాలని లోలోపల కోరుకున్నాడు.

లెక్క తప్పింది. ఏడాదిన్నర కాదు, ఏడాదికే అబ్బులు పోయాడు. తన లెక్క అటు కూడా తప్పగలదని తారకేశ్ ఎన్నడూ అనుకోలేదు.

కర్మకాండలయ్యాక మంగ బస్సులో సంపెంగ కుండీని ఒళ్లో పెట్టుకుని వచ్చింది. "మీకే ఇమ్మన్నాడు బాబూ. ఎండాకాలం రెండు పూటలా పొయ్యమన్నాడు" అని, కొంగుతో కుండీ అంచు తుడిచి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం సుగుణ గారు వచ్చేసరికి తారకేశ్ మైక్రోస్కోపు ముందు కూర్చుని ఉన్నాడు. కింద కొత్త స్లైడు ఉంది. కళ్లలో నీళ్లకి ఏమీ కనిపించడం లేదు.

ఆవిడ కిటికీలోని కుండీ దగ్గరికెళ్లి వేలితో మట్టి తడిమి చూశారు.

"ఇవాళ నీళ్లు పోశావా?"